నాగవ్వ గుండిగ

బోధన్ బజారులో గిన్నెల లోపల తగరం పూసి కలాయి వేసే జహూర్‌ది ఒకటే మొండిపట్టు. హరామ్ పైసా, పాపపు సొమ్ము, గడప తొక్కడానికి వీల్లేదు. సారా దుకాణం వాళ్లు గిన్నెలు తెస్తే ముట్టకుండానే తిప్పి పంపేవాడు. ఇంట్లో భార్య సకీనా ఒట్టి చారుతో అన్నం పెట్టినా సరే, అతని పట్టు అతనిదే.

ఆ ఏడు చక్కెర కార్ఖానాలో లింబయ్య కూలిపని పోయింది. వెనక గల్లీలోనే వాళ్ల ఇల్లు. అతని భార్య నాగవ్వ రాగి గుండిగ నెత్తిన పెట్టుకుని వచ్చింది. లోపలంతా పచ్చగా చిలుము పట్టి ఉంది.

"జర కలాయి వెయ్యి తమ్మీ."

"బువ్వకేనా అక్కా?"

ఏటా రంజాన్ సేమియా ముందుగా ఆమె ఇంటికే పంపేవాడు జహూర్. అతనితో అబద్ధమాడలేకపోయింది.

"సారకు. బెల్లం పులవెట్టి కాస్త. మల్లేం జెయ్యమంటవ్? ఇంట్ల పొయ్యి రాజేసి ఎన్నొద్దులాయె!"

"ఇంకేదన్న అడుగక్కా. గిది నాతోని గాదు."

"కలాయి లేకుంట కాస్తే ఏమన్నయితదా?"

చిలుము పట్టిన రాగిలో పులిసింది కాస్తే విషమని అతనికి తెలుసు. చెబుదామని నోరు తెరిచాడు. చెబితే సారా కాయడం నేర్పినట్టే కదా, ఆ పాపంలో తనకూ వాటా వచ్చినట్టే కదా! నోరు మూసుకుని కొలిమి తిత్తి ఊదసాగాడు. ఎంత పని చేశాడో చూడండి! నాగవ్వ కాసేపు నిలబడి గుండిగ ఎత్తుకుని వెళ్లిపోయింది.

మసీదుకు పోతుంటే ఒకనాడు ఆమె పెరట్లో పొగ కనిపించింది. వాకిలి దాకా వెళ్లాడు. అంతలో అజాన్ వినిపించింది. నాకెందుకులే అనుకుని వెనుదిరిగాడు.

తొలి సీసా రుచి చూసింది లింబయ్యే. సాయంత్రానికల్లా రక్తం కక్కుకుని నాగవ్వ ఒడిలోనే ప్రాణం విడిచాడు.

లింబయ్య దినకర్మకు ముందు నాగవ్వ మళ్లీ వచ్చింది. నెత్తిన అదే గుండిగ.

"గిప్పుడు బువ్వకే తమ్మీ. వేస్తవా?"

జహూర్ గుండిగలో ఇసుక పోసి, అందులో నిలబడి, పాదాలతో గిరగిరా తిరుగుతూ రుద్దసాగాడు. పచ్చటి మడ్డి మడమలకు అంటుకుంది. ఏడుపు ఆగలేదు.

"గట్ల ఏడ్వకు," అంది నాగవ్వ కళ్లొత్తుకుంటూ. "పాపపు పనని నువ్వొద్దంటివి. మేమే ఇనకపోతిమి."

ఆ మాటకు అతని పాదాలు ఆగిపోయాయి.

"నాకెరికేనక్కా. గా చిలుము విషమని నాకు ముందే ఎరికే."

నాగవ్వ అతని ముఖంలోకి చూసింది.

"దిగు," అంది.

అతను దిగాడు. ఇసుక నేలమీద కుమ్మరించి, కలాయి లేని గుండిగను నెత్తికెత్తుకుని ఆమె వెళ్లిపోయింది.