మంచం పక్కన చేపల తొట్టి

మిర్చి యార్డులో తొడిమలు తీసే కరీమున్ బస్తాల మీంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి ఎముకకి ప్లేటు బిగించిన డాక్టరు పది వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నాడు. ముప్పై ఏళ్ళుగా తెల్లారకముందే పనికి పోయిన మనిషికి ఆ మాట ఆపరేషన్ కంటే కష్టంగా తోచింది. ఫ్యాను చప్పుడు చేస్తోందనేది, దుప్పటి గుచ్చుకుంటోందనేది. పక్కింటి స్తుతి మధ్యాహ్నం అన్నం తెచ్చిపెడితే ఆమెను ఓ పట్టాన కదలనిచ్చేది కాదు. రెండుసార్లు లేవబోయి కూతురు కౌసర్‌కి దొరికిపోయింది.

కౌసర్ గుంటూరులోనే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఉదయం వెళితే సాయంత్రం దాకా రాదు. తల్లి కళ్ళకైనా పని దొరుకుతుందని చేపలు పెంచే రెండడుగుల గాజు తొట్టి, అందులో పరిచే మట్టి కొనుక్కొచ్చి, తొట్టిని మంచం పక్కనే స్టాండు మీద పెట్టింది.

"ఆ షాపు మట్టి బూడిదలా ఉంది. చేలో నల్లమట్టి తేవే. పత్తి పెరిగే మట్టిలో గడ్డి పెరగదా?" అంది కరీమున్.

కౌసర్ ఊరి బయటినుంచి మట్టి తెచ్చి జల్లించి పరిచింది. పైన ఇసక పోసి మొక్కలు నాటింది. నీళ్ళు నింపాక మట్టి లేచి తొట్టంతా బురదైంది.

"చేపలేవీ?"

"నెల్రోజులు ఆగాలమ్మా. నీళ్ళు కుదురుకోవాలి."

"నీళ్ళు కుదురుకోడమేంటే! వాటికేమన్నా ఎముక విరిగిందా?"

రోజూ అదే గొడవ. పదో రోజుకి విసిగిపోయి కౌసర్ ఆరు చిన్న గప్పీ చేపలు తెచ్చింది. వారం తిరక్కుండానే నాలుగు చచ్చిపోయాయి. కౌసర్ వాటిని చిన్న వలతో తీస్తుంటే కరీమున్ గోడవైపు తిరిగి పడుకుంది.

"నేనే తొందరపెట్టాను," అంది.

ఆ తర్వాత చేపల మాటెత్తలేదు. కానీ ఊరుకోనూ లేదు. కౌసర్ చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. "కుడిపక్క ఆకు పసుపెక్కింది. ఫిల్టరు నీళ్ళు సన్నగా పడుతున్నాయి. అద్దానికి నాచు పట్టింది, తుడువు." కౌసర్ వారానికోసారి పాత నీళ్ళలో పావు వంతు తీసేసి, ఒక రోజు నిలవబెట్టిన కుళాయి నీళ్ళు పోసేది. పాత ఆకులు కుళ్ళిపోయి, మొదళ్ళనుంచి కొత్తవి లేచాయి. నెల దాటాక తెచ్చిన చేపలు బతికాయి, పిల్లల్నీ పెట్టాయి.

ఎనిమిదో వారంలో, మండే మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫిల్టరు ఆగిపోయింది. రెండు గంటలు గడిచేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. కరీమున్ ఫోన్ చేసింది. కౌసర్ ఫోను ల్యాబు లాకర్లో మోగి ఆగిపోయింది. స్తుతిని కేకేసింది. ఆమె చర్చికి వెళ్ళింది.

పైనుంచి నీళ్ళు పడితే తొట్టి నీళ్ళలో గాలి కలుస్తుందని కౌసర్ ఎప్పుడో చెప్పింది. కరీమున్ మంచం అంచుకి జరిగి స్టీలు గ్లాసు అందుకుంది. కూర్చుంటే చెయ్యి అందలేదు. ఒక చేత్తో స్టాండు పట్టుకుని, మంచి కాలి మీద లేచి నిలబడింది. గ్లాసుతో ముంచింది, ఎత్తి పోసింది. మళ్ళీ ముంచింది. కాలు వణికితే కూర్చునేది. చేపలు పైకి రాగానే మళ్ళీ లేచేది.

కౌసర్ వచ్చేసరికి మంచం, చీర తడిసి ముద్దయ్యాయి. తల్లి ఇంకా నిలబడే ఉంది.

"నీకు బుద్ధుందా అమ్మా! ప్లేటు కదిలితే?"

"అరవకు. ముందు నువ్వొచ్చి ఈ గ్లాసు పట్టు, నా చెయ్యి పడిపోతోంది."

గంటకి కరెంటొచ్చింది. రెండు చేప పిల్లలు పోయాయి, మిగతావి తేరుకున్నాయి. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించారు. ప్లేటు కదల్లేదు గానీ తుంటి వాచింది. ముందు చెప్పిన పది వారాల మీద మరో రెండు వారాలు మంచమేనన్నాడు డాక్టరు. తల్లి గొడవపడుతుందని కౌసర్ భయపడింది. కరీమున్ తలూపింది, అంతే.

మర్నాడు ల్యాబుకి బయలుదేరుతుంటే పిలిచింది. "ఆ తొట్టి ఓ జానెడు ఇటు జరుపు, కూర్చున్నా చెయ్యి అందేలా."

"నిండు తొట్టి జరపకూడదమ్మా, పగులుద్ది."

"అయితే మంచం జరుపు."

కౌసర్ చేతిలో బ్యాగు కిందపెట్టి, తల్లితో సహా మంచాన్ని తొట్టి దగ్గరికి నెట్టింది.