ఎక్కినవాడికే పని

క్యాంటీను వెనక గచ్చు మీద మధ్యాహ్నపు ఎంగిలి గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. అడుగంటిన పెద్ద గిన్నెలోకి సగం దూరి, ఇసుకా పీచూ వేసి తోముతోంది గిన్నెలక్క. అమ్మానాన్నా పెట్టిన పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అడిగిన పుణ్యాత్ముడూ లేడు. చేతులు నానిపోయి పాలిపోయాయి. ఎడమ చెంప మీద నిన్నటి వాపు ఇంకా దిగలేదు.

"గిన్నెలక్కా, నీ తమ్ముడు వ్యాను మీంచి పడ్డాడట! పెద్దాసుపత్రిలో ఉన్నాడట!" అని కూరలు తరిగే ఆవిడ కేక వేసింది.

గిన్నెలక్క పీచు అక్కడే పారేసి లేచింది. "మరి ఈ గిన్నెలెవరు తోముతారు?" అని లోపల్నుంచి యజమాని అరిచాడు. మనిషి బతికి ఉన్నాడా అని ఒక్క మాట అడగలేదు. అడిగితే ఆయన సొమ్మేం పోయేదో!

ఆ వ్యాను సంగతి ముందు చెప్పాలి. రోజూ పొద్దున్నే నాలుగురోడ్ల కూడలికి గోడౌను వ్యాను వస్తుంది, సిమెంటు బస్తాలు దింపే కూలీల కోసం. కావలసింది పదిమందైతే, కాచుకుని ఉండేది యాభై మంది. వ్యాను ఆగదు. మలుపు దగ్గర కాస్త నెమ్మదిస్తుంది, అంతే. వెంటబడి, వెనక పలక పట్టుకుని ఎక్కినవాడికే పని. "పరిగెత్తే బండి ఎక్కలేనివాడు బస్తా ఏం మోస్తాడు?" అంటాడు మేస్త్రీ, డ్రైవరు పక్కన కూర్చుని అద్దంలో ఈ తమాషా చూస్తూ. మొదట్లో వీళ్ళు ఒకరినొకరు తోసుకునేవారు. తర్వాత ముందువాడి చొక్కా పట్టి వెనక్కి గుంజడం నేర్చుకున్నారు. కూటి కోసం కోటి విద్యలన్నారు, అందులో ఇదొకటి. చొక్కా దొరక్కూడదని కొందరు బనీనుతో రావడం మొదలుపెట్టారు. అప్పుడు జుట్టు పట్టుకున్నారు. దానికి విరుగుడుగా ఇద్దరు ముగ్గురు గుండు చేయించుకున్నారు. థూ, మనుషులకి నేర్పవలసిన చదువా ఇది?

పని దొరకని రోజు ఆ కసంతా ఇంటికొస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, మేస్త్రీ మీద కోపం పెళ్ళాం వీపు మీద. పంపు దగ్గర ఆడవాళ్ళు దీన్ని కూడా నవ్వులాటలోకే దింపేశారు. "ఇవాళ మీ ఆయనకి దొరికిందా, నీకు దొరికిందా?" అని అడుగుతారు. వాళ్ళకి దొరికితే కూలి, వీళ్ళకి దొరికితే దెబ్బలు. నిన్న గిన్నెలక్కకి దొరికింది.

ఆసుపత్రి వరండాలో నేలమీద పడుకోబెట్టారు తమ్ముణ్ణి. కుడి మణికట్టు విరిగి వేలాడుతోంది. పాదం మీంచి వెనకొచ్చే బండి చక్రం వెళ్ళింది. చొక్కా కాలరు దగ్గర్నుంచి నడుము దాకా నిలువునా చిరిగింది.

"ఎవడు లాగాడ్రా?"

"వదిలెయ్యక్కా."

"ఊరుకుంటానా? వాడెవడో చెప్పు. వాడి ఇంటిముందు కూర్చుని దుమ్మెత్తి పోస్తాను!"

తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "అయితే నీ ఇంటిముందే కూర్చో అక్కా. బావే లాగాడు."

ఆమె చెయ్యి చెంప మీది వాపు దగ్గరికి పోయింది.

"నేనని తెలిసి ఉండదులే" అన్నాడు తమ్ముడు, బావ తరపున తనే వకాల్తా పుచ్చుకుని. "వెనకనుంచి చూస్తే అందరి చొక్కాలూ ఒకటే. నేను మాత్రం తక్కువ తిన్నానా? మొన్న ఒక ముసలాయన్ని జుట్టు పట్టి లాగాను. వెంట్రుకలు చేతిలోకి ఊడొచ్చాయి. అవి దులుపుకోకుండానే పలక పట్టుకుని ఎక్కేశాను. రోజంతా అరచేతికి అంటుకునే ఉన్నాయి."

ఎంగిలి మెతుకుల్లో చేతులు పెట్టి బతికే మనిషి ఆమె, అలాంటిదానికి ఇప్పుడు వాంతి వచ్చేలా ఉంది. తన చేత్తో అన్నం పెట్టి పెంచిన పిల్లాడు ఈ మాట చెబుతున్నాడు. లేచి వరండా చివరికి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

సాయంత్రం మొగుడు ఇంటికొచ్చాడు. కనుబొమల నిండా సిమెంటు. ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో కాగితం పొట్లంలో రెండు ఆపిల్ పళ్ళు.

"ఇవి వాడికిచ్చి రా" అన్నాడు ఆమె మొహం చూడకుండా.

"నువ్వే లాగావా?"

"చూడలేదే."

"చూస్తే లాగేవాడివి కాదా?"

అతను మొహం కడుక్కుని తువ్వాలు అద్దుకున్నాడు. తుడవడం అయిపోయినా తువ్వాలు తియ్యలేదు. "నిన్నా దొరకలేదు, మొన్నా దొరకలేదు. చూసినా లాగేవాణ్ణేమో. ఏం చెప్పమంటావు?"

అబద్ధమాడినా బాగుండేదనిపించింది ఆమెకి. ఆ మనిషిని చూస్తే అసహ్యం వేసింది. ఆ పళ్ళని చూస్తే అసహ్యం వేసింది. పొద్దున్నించీ ఏమీ తినలేదేమో, బియ్యం సంచి విప్పగానే నోట్లో నీళ్ళూరాయి. తమ్ముడి చెయ్యి విరిచి తెచ్చిన గింజలని తెలిసీ ఊరాయి. ఛీ, ఏం కడుపిది! వండింది. తింది కూడా. ఆకలి రుచెరగదంటారు గానీ సిగ్గు కూడా ఎరగదు.

"రేపు మీరంతా ఎక్కం అని నిలబడితే?" అని అడిగింది కంచం ముందు కూర్చునే.

"నిలబడతాం. పక్కపేట వాళ్ళు ఎక్కుతారు" అన్నాడు అతను. "పడుకో, పొద్దున్నే లేవాలి."

పొద్దున్న గిన్నెలక్క క్యాంటీనుకి వెళ్ళలేదు. కొంగు బిగించుకుని మొగుడి వెనకే కూడలికి వచ్చింది. "నువ్వెందుకే ఇక్కడ?" అని అతను కసురుకున్నా వినిపించుకోలేదు.

వ్యాను మలుపు తిరిగింది. జనం పరుగుకి సిద్ధంగా ముందుకి వంగారు. ఆమె తిన్నగా రోడ్డు మధ్యకి నడిచి నిలబడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బంపరు మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. ఆ బండి అక్కడ ఆగడం ఎవరూ ఎరగరు. అది ఆగిన తర్వాత కూడా, వెనక పలక దగ్గర ఇద్దరు ఒకరి చొక్కా ఒకరు గుంజుకుంటున్నారు. నిలబడ్డ బండిరా నాయనా! వాళ్ళకే తెలిసొచ్చి, తలలు దించుకుని వదిలేశారు.

"ఏయ్, చావాలనుందా? తప్పుకో!" అన్నాడు మేస్త్రీ కిటికీలోంచి.

"రోజూ ఇలాగే ఆపు. దిగి, మనుషుల్ని పిలిచినట్టు పిలువు. ఇవాళ కొందరు, రేపు కొందరు, వంతులేసి ఎక్కించుకో. అలా అయితే తప్పుకుంటాను."

"నా బండి ఎక్కడ ఆపాలో నువ్వు చెబుతావా? ఎవడి పెళ్ళాంరా ఇది?"

అందరి కళ్ళూ ఒకడి మీదికే పోయాయి.

"నువ్వా?" మేస్త్రీ నవ్వాడు. "దాన్ని అవతలికి లాగెయ్. ఇవాళ నీకు పని. ఇవాళేంటి, నెలంతా నీకే. పరిగెత్తక్కర్లేదు, వచ్చి నా పక్కన కూర్చో."

మొగుడు వచ్చి ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎంతలా బిగుస్తుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"రావే" అన్నాడు గొంతు తగ్గించి. అది బెదిరింపులా లేదు, బతిమాలుతున్నట్టుంది. "నెల పొడుగునా పనే."

"ఇన్నాళ్ళూ పని దొరక్క కొట్టావు. ఇవాళ కొట్టడమే నీ పని" అంది ఆమె. "కొట్టు. నేను కదలను."

అతని వేళ్ళు బిగుసుకున్నాయి. లాగలేదు, వదల్లేదు. మేస్త్రీకి విసుగు పుట్టింది.

"వీడి వల్ల కాదు గానీ, ఇంకెవడైనా రండి! దీన్ని తప్పించినవాడికే ఆ పని!"

గుంపులోంచి ముగ్గురు కదిలారు. నిన్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి చేర్చినవాడు వాళ్ళలో ముందున్నాడు. మొగుడు ఆమె జబ్బ వదలకుండానే వాళ్ళవైపు తిరిగాడు.

"దగ్గరికి రాకండి" అన్నాడు.

తన పని ఇంకొకడు తన్నుకుపోకూడదని అన్నాడో, పెళ్ళాం మీద ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదని అన్నాడో గిన్నెలక్కకి తెలియలేదు. వ్యాను హారను మోగుతూనే ఉంది. ఆమె కాళ్ళు ఇంకాస్త ఎడంగా పెట్టి, ఇంకాస్త గట్టిగా నిలబడింది.