వంతెన కింద సోంపు కవర్లు

ట్రే అంచున ఎవరో నమిలిన చూయింగ్ గమ్ అంటించి వదిలారు. ఆమె దాన్ని చెంచా వెనకవైపుతో గీకుతూ, అంటించినవాళ్ల వంశాన్ని మూడు తరాల దాకా తిట్టింది. తిట్లన్నీ తెలుగులోనే. ఈ దేశం వచ్చాక ఆమెకు దక్కిన సుఖం ఏదైనా ఉందంటే అదొక్కటే. ఎవరి మొహం చూసైనా నవ్వుతూ ఎంత మాటైనా అనేయవచ్చు.

అది ఆస్పత్రి నేలమాళిగలో కిటికీ లేని గది. పై అంతస్తుల్లో రోగులు తిని వదిలిన ట్రేలు సామాన్ల లిఫ్టులో దిగివస్తాయి. మిగిలిన తిండిని తొట్టిలోకి దులపాలి, వేడినీళ్ల పైపుతో కొట్టాలి, మిషన్లోకి తొయ్యాలి, అవతలి వైపు నుంచి తీసి పేర్చాలి. పదకొండేళ్లుగా ఇదే పని. తొడుగులు వేసుకున్నా వేళ్ల చివర్లు ఉతికి పిండిన గుడ్డలా ముడతలు పడే ఉంటాయి. కడుపులో తిప్పడం మాత్రం పదకొండేళ్లయినా అలవాటు కాలేదు.

సూపర్‌వైజరు తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టి, నేల మీద నీళ్లున్నాయన్నాడు.

"కడిగే గదిలో నీళ్లు కాక పాలుంటాయా, నీ మొహం మండ," అని ఆమె నవ్వుతూ తెలుగులో అని, వాళ్ల భాషలో క్షమించమంది. అతను బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయాడు.

ఇవాళ ఆమె చేతులు పనిలో ఉన్నాయి గానీ మనసు పొద్దుటి మాట దగ్గరే ఉండిపోయింది.

ఆమె భర్త ఒక హోటలు లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాడు. వారంలో ఆరు రోజులు దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఆదివారం పొద్దున్నే లేచి ఆమె యూనిఫారం ఇస్త్రీ చేస్తాడు. చేతి మడత కత్తితో కోసినట్టు ఉండాలి. ట్రేల గదిలో ఎవరు చూస్తారని ఆమె అంటే, నువ్వు చూసుకోవా అంటాడు. పెళ్లైన ముప్పై ఏళ్లలో ఆయన గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఆ లోటు ఆమే తీర్చింది. ఆ యూనిఫారం హ్యాంగరుకి తగిలించి, ఇవాళ పొద్దున ఆయన తన పట్టుకర్ర తీశాడు. విరిగిన గొడుగు కాడకు బట్టల క్లిప్పు బిగించి, తాడు కట్టి ఆయన సొంతంగా చేసుకున్నది. తాడు లాగితే క్లిప్పు నోరు తెరుస్తుంది.

"ఇవాళ నడకవంతెన కిందకి దిగుతాం," అన్నాడు. "అక్కడే చెత్త బాగా పేరుకుందట."

ఆమె బొత్తాలు పెట్టుకుంటున్నదల్లా ఆగింది. "ఆ మెట్లు మీవల్ల కాదు. మొన్న డాక్టరు ఏం చెప్పాడు?"

"మెట్లు ఎక్కొద్దన్నాడు. దిగొద్దనలేదుగా."

"దిగినవాళ్లు ఎక్కకుండా అక్కడే కాపురం పెడతారా?"

ఆయన నవ్వాడు. నవ్వితే ఈమధ్య ఆయాసం వస్తోంది. గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి చిక్కబట్టుకుని, "పోనీలేవే, మనం ఉంటున్న చోటే కదా," అన్నాడు.

అప్పుడు చెప్పెయ్యవలసింది. నాలుక చివరిదాకా వచ్చింది. వంతెన కింద పేరుకున్నది ఎవరిదో ఆమెకు తెలుసు. చెప్పి, నావి నేనే ఏరుకుంటానంటే ఆయన దిగడు. కానీ చెబితే ఆయన తనవైపు ఎలా చూస్తాడో ఆ చూపు ఆమెకు భయం. ఈ లోకంలో ఆమె లెక్కచేసేది ఆ ఒక్క మనిషి మంచి మాటనే. బస్సుకి వేళైందని చెప్పి వచ్చేసింది.

దీనికంతటికీ మూలం ఈలమ్మ. కింది అంతస్తులో ఉండే రిటైరైన పంతులమ్మ, బిల్డింగు కమిటీకి పెద్ద. మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంది కాబట్టి మొగుడూ పెళ్లాలు ఆవిడకి ఆ పేరు పెట్టుకున్నారు. ఆదివారాలు పదిమందిని పోగేసి కాలువ గట్టున చెత్త ఏరిస్తుంది. దొరికినవాటిలో పారేసినవాళ్లని పట్టించేదానికి ఫొటో తీసి లిఫ్టు పక్కన బోర్డుకి అంటిస్తుంది. నాలుగేళ్ల కింద అలా అంటించిన ఫొటోలో ఒక మసాలాపొడి కవరు ఉంది. దానిమీద మన అక్షరాలు. కింద ఒకే మాట రాశారు, ఇది ఎవరిదో మనకందరికీ తెలుసు అని. నలభై వాటాల బిల్డింగులో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు వీళ్లిద్దరే.

ఆమె ఆ కవరు పారెయ్యలేదు. సంచి మూతి కట్టి తొట్టిలోనే వేసింది. కాకులు చించాయో, గాలికే కొట్టుకుపోయిందో. ఆమె ఈలమ్మ తలుపు కొట్టి, వచ్చీరాని భాషలో, నేను వెయ్యలేదని చెప్పింది. ఈలమ్మ చంటిపిల్లలతో నవ్వినట్టు నవ్వి, ఇకముందు జాగ్రత్తగా ఉంటే చాలంది. ఆ ఫొటో నెల రోజులు అక్కడే ఉంది. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడల్లా పక్కవాళ్లు ఫొటో వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసేవారు.

ఆయన మరుసటి ఆదివారమే వెళ్లి ఈలమ్మ గుంపులో చేరిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. ఆయన విన్లేదు. పరువు పోయింది మాటలతో కాబట్టి చేతలతో తెచ్చుకోవాలన్నాడు.

ఆమె తన దారి తను చూసుకుంది. డ్యూటీ దిగాక, కడుపులో తిప్పడం తగ్గడానికి దారిలో సోంపు నములుతుంది. మనవాళ్ల కొట్లో దొరికే చిన్న ఆకుపచ్చ కవరు. ఇంట్లో తినడానికి లేదు, సోంపు వాసన తగిలితే ఆయనకు తుమ్ములు ఆగవు. పెళ్లిళ్లలో కూడా పళ్లెం దగ్గరికి వస్తే ముక్కు మూసుకునే మనిషి. తిన్న కవరుని నిలువునా మడిచి ముడి వెయ్యడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతి అలవాటు. వంటింట్లో ఉప్పు కవరు దగ్గర్నుంచీ అన్నిటికీ అదే ముడి. నీ ముడి విప్పాలంటే పళ్లు ఊడాల్సిందే అని ఆయన విసుక్కునేవాడు. ఆ ఫొటో చూసిన రోజు నుంచి, నడకవంతెన మధ్యకి రాగానే, ముడి వేసిన కవరుని కమ్మీల మీదుగా కిందకి విసరడం మొదలుపెట్టింది. రోజుకొకటి. కొన్ని గట్టుకి కొట్టుకొచ్చేవి, మిగతావి వంతెన కిందే పేరుకునేవి. తప్పు చెయ్యనప్పుడే శిక్ష వేసేశారు, ఇక బాకీ ఉన్నది తప్పేగా. వాళ్ల ఎంగిలి నేను రోజుకి మూడు వందల ట్రేలు కడగొచ్చు, నా కవరు ఒక్కటి వాళ్లు ఎత్తకూడదా? ఈలమ్మ వంగి ఆ కవరు ఏరుతున్నట్టు ఊహించుకుంటే, సోంపు కంటే అదే ఎక్కువ చల్లగా ఉండేది.

కానీ బోర్డు మీద సోంపు కవరు ఫొటో ఎప్పుడూ రాలేదు. నా నోటికి జడిసిందనుకుంది ఆమె. ఆయన ప్యాంట్లు ఉతికేటప్పుడు మాత్రం జేబు మూలల్లో ఒకటీ రెండూ సోంపు గింజలు తగిలేవి. చూసి దులిపేసేది. అడగలేదు. అడిగితే తనూ చెప్పవలసి వస్తుంది.

రెండింటికి డ్యూటీ దిగింది. నడుచుకుంటూ వంతెన మధ్యకి వచ్చేసరికి కవరు ఖాళీ అయింది. వేళ్లు వాటంతట అవే మడిచి ముడి వేశాయి. కమ్మీల దగ్గర ఆగింది. ఇవాళ వద్దనే అనుకుంది. రాత్రి అన్నం దగ్గర ఆయనకు మొత్తం చెప్పేద్దామని కూడా అనుకుంది. తిడితే తిట్టనీ, తిట్టడం ఆయనకు చేతనైతే కదా.

అప్పుడు కింద గుంపు కనబడింది. నీళ్ల అంచున, మెట్ల దగ్గర, ఏడెనిమిది మంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ ఏరడం లేదు. తలలు వంచి ఒకే చోటికి చూస్తున్నారు. ఏదో దొరికింది, ఫొటో తీస్తున్నారు అనుకుంది. ఆయన టోపీ కోసం వెతికింది. కనబడలేదు. పైకెక్కి ఏ బెంచీ మీదో కూర్చుని ఉంటాడు, పోనీలే, ఎక్కాడు. ఆ వంచిన తలల్ని చూస్తుంటే నాలుగేళ్ల కింద లిఫ్టు దగ్గర నిలబడ్డ తలలే గుర్తొచ్చాయి. ఒళ్లు భగ్గుమంది. తీసుకోండి ఫొటో, అని తెలుగులో అని, చేతిలోది బలంగా విసిరింది. ఆ ముడి వాళ్లకు రెండు బారల దూరంలో నీళ్లలో పడింది. ఎవరూ తలెత్తలేదు.

ఇంటికొచ్చి అన్నం వండింది. ఆయన కంచం కడిగి బోర్లించింది. మూడున్నరకి తలుపు చప్పుడైంది. తాళంచెవి మరిచిపోయుంటాడని గొణుక్కుంటూ తీస్తే, ఎదురుగా ఈలమ్మ. మెడలో ఈల లేదు. ఒక చేతిలో ఆయన పట్టుకర్ర, ఇంకో చేతిలో మూతి బిగించిన ప్లాస్టిక్ సంచి.

"లోపలికి రావచ్చా?" అంది ఈలమ్మ. నాలుగేళ్లలో ఆవిడ ఈ గడప తొక్కడం అదే మొదలు.

పట్టుకర్రని తలుపు వారగా ఆనించి, ఈలమ్మ నిలబడే చెప్పింది. ఒంటిగంట వేళ ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నారు. మంచినీళ్లు ఇద్దామని పిలిస్తే పలకలేదు. అంబులెన్సు పావుగంటలో వచ్చింది. ఆస్పత్రిలో చూసి, ఇక చేసేదేమీ లేదన్నారు. ఆ కబురు ఫోనులో రాగానే మిగతావాళ్లు ఆయన కూర్చున్న చోటే తలలు వంచి నిలబడ్డారు.

"ఏ ఆస్పత్రి?"

"మీరు పనిచేసేదే. మీ కోసం అడిగించాం. ట్రేలు కడిగే ఆవిడ అంటే, పేరు చెప్పమన్నారు. మాకెవరికీ తెలియదు. అక్కడా ఎవరికీ తెలియదు."

"నేను అక్కణ్ణుంచే వచ్చాను," అంది ఆమె. అదే మాట మళ్లీ అంది.

ఈలమ్మ సంచి బల్ల మీద పెట్టింది. కళ్లద్దాలు, తాళంచెవి, చేతిరుమాలు. అడుగున ఆకుపచ్చగా ఆరేడు సోంపు కవర్లు, నిలువునా మడిచి ముడేసినవి. ఆమె చూపు వాటి మీద ఉండటం చూసి ఈలమ్మ గొంతు తగ్గించింది.

"ఇప్పుడు చెప్పకూడదేమో. ఆయన ఇవి జేబులో దాచుకుంటుంటే మూడేళ్ల కిందట పట్టుకున్నాను. దాచడం ఎందుకంటే, ఇవి నావే, తిని పారేస్తున్నాను, ఎంత ప్రయత్నించినా మానలేకపోతున్నాను అన్నాడు. ఆదివారం వచ్చి నావి నేనే ఏరుకుంటాను, బోర్డు మీద మాత్రం పెట్టకండి, మా ఆవిడ చూస్తే బాధపడుతుంది అన్నాడు. అందుకే పెట్టలేదు. ఆ ఒక్క అలవాటు తప్పిస్తే, చాలా మంచి మనిషి."

మూడేళ్లు. ప్రతి ఆదివారం ఆయన ఆ వాసనకి తుమ్ముకుంటూ, ఇది ఆమె చేతి ముడేనని పోల్చుకుంటూ, ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకుని, ఇంటికొచ్చి, కూర బాగుందని చెప్పి పడుకున్నాడు. చివరికి వాటికోసమే ఆ మెట్లు దిగాడు. పొద్దున ఆమె ఒక్క మాట చెబితే దిగేవాడు కాదు.

"అవి ఆయనవి కాదు," అంది. తెలుగులో అన్నానని తెలిసి, వాళ్ల భాషలో, ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెప్పింది. "ఆయన సోంపు తినడు. అవి నావి. నేనే వేశాను. రోజూ వేశాను. మీ మీద కోపంతో."

ఈలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చంటిపిల్లలతో నవ్వినట్టు, కళ్లనీళ్లతో నవ్వింది.

"ఆయన్ని వెనకేసుకు రావాలని మీకుంటుంది. నాకు తెలుసు. ఇప్పుడు అవన్నీ ఎందుకు," అంది. "పదండి, ఆయన్ని చూద్దురుగాని."

నమ్మలేదు. వెయ్యలేదన్నప్పుడూ నమ్మలేదు, వేశానన్నా నమ్మలేదు. నాలుగేళ్లు దాచుకున్న తిట్లలో ఒక్కటైనా ఆమె నోటికి రాలేదు. చెప్పులు వేసుకుంది. యూనిఫారం మార్చుకుంటారా అని ఈలమ్మ అడిగితే, తల అడ్డంగా ఊపింది. పొద్దున ఆయన పెట్టిన చేతి మడత ఇంకా నలగలేదు.

ఇద్దరూ మెట్లు దిగారు. తాళం వెయ్యడం ఎవరికీ తోచలేదు. ఓరగా ఉన్న తలుపు వెనక గోడకు ఆనించి పట్టుకర్ర నిలబడి ఉంది. దాని క్లిప్పు నోట్లో, ఇంకా తడారకుండా, విప్పని ముడితో, ఆయన చివరగా ఏరిన ఆకుపచ్చ కవరు.