అక్క ఇస్త్రీ చేసిన నీలం గౌను

యువరాణి చనిపోయిన మూడో రోజుకి, ఒకే ఇంట్లో ఉంటున్న ఆ అక్కచెల్లెళ్లలో చెల్లెలి మొహం ఊళ్లో ఎరగనివాళ్లు లేకుండా పోయారు. తొమ్మిదేళ్ల కిందట ఆసుపత్రి చూడటానికి వచ్చిన యువరాణి, కాలు విరిగి మంచంలో ఉన్న చెల్లెల్ని దగ్గరికి తీసుకుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆ ఫొటో ఇప్పుడు ప్రతి పేపర్లోనూ, ప్రతి షాపు అద్దం మీదా ఉంది. టీవీవాళ్లు వాళ్లింటి మెట్ల మీదే కాపురం పెట్టారు. చెల్లెలు వాళ్లకి చెప్పినదాంట్లో, మొదటి రోజు యువరాణి "త్వరగా నయమవుతుంది" అందట. రెండో రోజుకి అది "నువ్వు నాకు చెల్లెలిలాంటిదానివి" అయింది.

వంటింట్లో గిన్నెలు తోముతూ అక్క అన్నీ వింటోంది. ఆమెకు కడుపు రగిలిపోతోంది.

పందొమ్మిదేళ్లుగా ఆమె రాజభవనం లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తోంది. యువరాణి బట్టలు ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కారు. యువరాణికి మనసు బాగాలేని రోజుల్లో ఆవిడ రుమాళ్లు ఉండలు చుట్టి వచ్చేవి. నడుము దగ్గర కుట్లు వదులు చెయ్యమని చీటీ వచ్చినప్పుడే, పేపర్ల కంటే రెండు నెలల ముందు, బిడ్డ సంగతి అక్కకి తెలుసు. బయట ఒక్క ముక్క మాట్లాడనని సంతకం పెట్టింది కాబట్టి ఆ సంగతీ, తను ఎవరి బట్టలు చేస్తోందో కూడా చెల్లెలికి చెప్పలేదు. యువరాణిని ఎదురుపడి మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఆ రోజు యువరాణికి తొడగబోయే ఆఖరి గౌను ఇస్త్రీకి వచ్చింది. నీలం రంగుది. అక్క గంటన్నరసేపు చేసింది. సాయంత్రం ఏ రంగు వేస్తున్నారని చెల్లెలు అడిగితే, నాకేం తెలుసంది.

మర్నాడు కడసారి చూపుకి ఇద్దరూ వెళ్లారు. చెల్లెల్ని గుర్తుపట్టి జనం దారి ఇచ్చారు. అక్క దాని వెనకాల, దాని చలవతో, లోపలికి వెళ్లింది. అదే ఒళ్లు మండించింది. శవపేటిక దగ్గర చెల్లెలు గౌను చేతుల మడతలు చూసి ఆగిపోయింది. ఇంట్లో తన జాకెట్లకీ అక్క అలాగే మడత వేస్తుంది.

బయటికి రాగానే టీవీవాళ్లు చుట్టుముట్టారు. చెల్లెలు అక్క చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"నన్ను కాదు, మా అక్కని అడగండి. ఇన్నేళ్లూ ఆవిడ బట్టలు చూసుకుంది మా అక్కే."

కెమెరాలన్నీ తిరిగాయి. ఇన్నాళ్లూ అక్క కోరుకున్నది ఇదే. కానీ అది చెల్లెలు దయతలచి ఇస్తే పుచ్చుకోవాలా?

"నేనక్కడ పనిచెయ్యను. దీనికి ఏదో ఒకటి కల్పించడం అలవాటు," అంది.

ఒక విలేకరి నవ్వాడు. ఆసుపత్రి మాటలు కూడా ఇలాంటివేనా అన్నాడు. చెల్లెలు అక్క చెయ్యి వదిలేసింది. రాత్రికల్లా ఆ ప్రశ్న అన్ని టీవీల్లోనూ తిరిగింది.

ఇంట్లో చెల్లెలు ఏడవలేదు. "ఆ రోజు నొప్పికి మందిచ్చారక్కా. ఆవిడేమందో నాకు సరిగ్గా వినపడనేలేదు. కానీ నీ గురించి నేను అబద్ధం చెప్పలేదుగా," అంది.

సంతకం పెట్టాను కదే అని అనబోయి అక్క మానుకుంది. టీవీవాళ్ల ముందు అలా అన్నది సంతకం కోసం కాదని ఇద్దరికీ తెలుసు.

అంతిమయాత్ర రోజు చెల్లెలు గుమ్మం దాటలేదు. అక్క ఒక్కతే వెళ్లి జనంలో నిలబడింది. పక్కనున్న ముసలావిడ చేతిలో ఆ ఆసుపత్రి ఫొటో ఉంది. ఈ పిల్ల చెప్పినవన్నీ అబద్ధాలటగా అని అడిగింది.

"అది మా చెల్లెలు. అబద్ధమాడింది నేను," అంది అక్క.

ముసలావిడ ఆమెను కింది నుంచి పై దాకా చూసి, కాస్త పక్కకి జరిగి నిలబడింది. శవపేటిక ఉన్న బండి వచ్చింది. జనం పూలు విసిరారు. అక్క చూపు మాత్రం ఆ ఫొటోలో చెల్లెలి భుజం మీదున్న యువరాణి చేతి దగ్గరే ఉండిపోయింది. లోపలి మంట చల్లారలేదు.