అక్క గిన్నెలో నా ఉప్పు

నా చెయ్యి ఊరుకోదు. పొయ్యి మీద ఎవరి గిన్నె ఉన్నా మూత తీసి చూడందే నాకు తోచదు. అక్క గిన్నె అయితే మరీను.

అక్కంటే నా తోడికోడలు. మా ఇంట్లో గొర్రె మాంసం వండితే ఆవిడే వండాలి. లేత మాంసం చూసి తెచ్చి, ఎక్కువైన కొవ్వు తీసేసి, సన్న సెగ మీద గంటలకొద్దీ మగ్గబెడితే ఎముక దానంతటదే ఊడి వచ్చేది. పోయిన చలికాలం పెద్ద జ్వరం వచ్చి ఆవిడకి వాసనా రుచీ రెండూ పోయాయి. కొన్నాళ్ళకి "వచ్చేశాయి" అంది. అందరూ నమ్మారు. నేనూ నమ్మేదాన్నే, పులిసిన పాలు పోసిన కాఫీని నా ఎదురుగా కూర్చుని హాయిగా తాగేయకపోతే.

ఆ రోజే నోరు తెరిచి అడగాల్సింది. అడగలేదు. ఆవిడకి పేరు తెచ్చిందే ఆ వంట, దాన్ని నా నోటితో ఎందుకు పోగొట్టాలి అనుకున్నాను. అప్పటినుంచి ఆవిడ అటు వెళ్ళగానే ఉప్పు సరిచేయడం నా పనైంది. ఎప్పుడూ తక్కువే వేసేది, భయం కాబోలు. భోజనాల దగ్గర అందరూ "నీ చేతిలో ఏముందో గానీ" అని మెచ్చుకుంటుంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. నేను ఏమీ ఎరగనట్టు తల దించుకుని తినేదాన్ని.

ఆ మెప్పు విని విని ఆవిడకి ధైర్యం వచ్చింది. ఒక హాస్టల్‌కి పెద్ద వంటమనిషి కావాలని తెలిసి, ఏకంగా మేనేజరునే ఇవాళ భోజనానికి పిలిచింది. "ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకే వండాను. ఒక్కసారి బయట నా పేరు మీద వండాలనుందే" అంది నాతో. ఆ ఉద్యోగం ఆవిడకి ఎంత కావాలో ఆ గొంతులోనే తెలిసింది.

మధ్యాహ్నం అక్క బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను అలవాటు ప్రకారం మూత తీసి, ఉప్పు వేసి కలిపేశాను. రుచి చూడనే లేదు, ఎలాగూ తక్కువే ఉంటుందిలే అని. చెయ్యి కడుక్కుంటుంటే అత్తగారు వచ్చారు.

"పెద్దది ఇవాళ రెండుమూడుసార్లు నన్ను ఉప్పు చూడమందే. చక్కగా కుదిరింది" అన్నారు.

గరిటె అంచున ఉన్న చుక్క నాలుకకి తగిలించాను. ఇంకేముంది, అయిపోయింది. నీళ్ళు పోద్దామంటే అంతసేపూ మరిగి చిక్కబడ్డ పులుసు నీరుగారిపోతుంది. అంతలో గేటు చప్పుడైంది. మేనేజరు వచ్చేశాడు.

ఇక నా చేతిలో ఉన్నది పక్కన ఏం పెట్టాలన్నదే. ఉప్పునీళ్ళలో ఊరిన కూరగాయల సీసా ఒకటి అక్క బల్ల మీద పెట్టి ఉంచింది. దాన్ని అలమరలోకి తోసేశాను. ఉడికిన బంగాళాదుంపలు వలిచి, ఉప్పు తగలనివ్వకుండా మెదిపాను. గడ్డపెరుగులో కీరా తరిగి కలిపాను, దానికీ చిటికెడు ఉప్పు లేదు. అన్నం ఉత్తదే వడ్డించాను.

"సీసా ఏదే?" అంది అక్క.

"మాంసంలోకి ఇవైతే బావుంటాయక్కా, నా మాట విను."

పాపం, వింది.

మేనేజరు మొదటి ముద్దకే నీళ్ళగ్లాసు అందుకున్నాడు. తర్వాత ప్రతి ముక్కనీ దుంపలోనో పెరుగులోనో అద్దుకుని నిదానంగా తిన్నాడు.

"మాంసం బాగా మగ్గిందమ్మా. ఉప్పే చాలా ఎక్కువైంది. కానీ పక్కన పెట్టినవి మాత్రం బుర్రపెట్టి పెట్టారు. ఎవరు?"

"మా చెల్లి" అంది అక్క. మొహం పాలిపోయింది.

"అయితే మీరు వస్తారా హాస్టల్‌కి?" అన్నాడు నాతో.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ ఉప్పు నేను వేసిందండీ. అక్క సరిగ్గానే వేసింది. దాని మీద నేను మళ్ళీ వేశాను."

"రుచి చూసే వేశారా?"

"లేదండీ."

"చూడకుండా ఎందుకు వేశారు?"

జవాబు చెబితే అక్క గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే నేను కావాలని పాడుచేసినట్టవుతుంది. అక్క నా వంకే చూస్తోంది. ఇన్నాళ్ళ భోజనాలూ ఒక్కొక్కటే ఆవిడకి గుర్తొస్తున్నాయని నాకు అర్థమైంది.

"నాకు రుచి తెలియదని వేసిందండీ" అంది ఆవిడే. "జ్వరం వచ్చినప్పటినుంచీ తెలియదు."

మేనేజరు ప్లేటు పక్కకి జరిపాడు. "దాచకుండా చెప్పారు, సంతోషం. కానీ అంతమంది తినే చోటమ్మా..." అని ఆగిపోయాడు. చేతులు కడుక్కుని, కబురు చేస్తానని చెప్పి వెళ్ళాడు. అలాంటి కబుర్లు రావని ఇంట్లో అందరికీ తెలుసు.

వంటింట్లో అక్క గిన్నె ముందు నిలబడింది. "ఎప్పటినుంచి?"

"చలికాలం నుంచి."

"అయితే వాళ్ళు మెచ్చుకున్నదంతా నీ ఉప్పునన్నమాట."

"అలా అనకక్కా. నువ్వు బాధపడతావని..." ఆ మాట నాకే వినబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ అరవలేదు. అరిచినా బావుండేది. ఒక ముక్క గరిటెలోకి తీసి నా ముందు పట్టింది.

"తిను. తిని నా మొహం చూసి చెప్పు."

తిన్నాను. "ఉప్పుకషాయం అక్కా. నోట్లో పెట్టుకునేలా లేదు."

అక్క తల ఊపింది. గరిటె కింద పెట్టి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది.

"ఇవాళ అత్తయ్యకి చూపించి చూపించి, కొలుచుకుని వేశాను. కుదిరింది కూడా. చలికాలంలోనే నువ్వు ఇలా చెప్పి ఉంటే ఈపాటికి ఎప్పుడో నేర్చుకునేదాన్ని కదే."