కాంసాయి వంతెన మీద ఎంక్వయిరీ

మా ఆయన గోవిందరావుగారు రైల్వేలో ఇరవై రెండేళ్ళు పనిచేసినా ఒక్కసారి కూడా ఇంజను ఎక్కలేదు. ఖరగ్‌పూర్‌లో ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. డ్రైవర్ల సెలవు చీటీలు ఆయన బల్ల మీదుగా వెళ్ళేవి. అందుకని రైళ్ళు కూడా ఆ బల్ల మీదుగానే వెళ్తాయని ఆయన నమ్మకం.

2003లో హరనాథ్ అనే తెలుగు విద్యార్థి ఇంజనీరింగ్ చదువు ముగించుకుని వెళ్ళిపోతూ తన పాత కంప్యూటర్‌ను మాకు అమ్మేశాడు. అందులో రైలు నడిపే ఆట ఒకటి ఉంది. ఉన్న మార్గాల్లో నడపడమే కాదు, మనకు కావలసిన మార్గాన్ని మనమే కట్టుకోవచ్చు. నేల పరిచి, పట్టాలు వేసి, స్టేషన్లూ సిగ్నళ్ళూ పెట్టుకోవాలి.

"ఖరగ్‌పూర్ నుండి మిద్నాపూర్ దాకా లైను ఏసెత్తాను. పదమూడు కిలోమీటర్లు. అదేటంత పెద్ద పని?" అన్నారు మా ఆయన.

ఎనిమిది నెలలైనా లైను ప్లాట్‌ఫారం దాటలేదు.

ఇంకో ఊరివాడైతే చిన్న స్టేషనుతో మొదలుపెట్టేవాడు. మాది అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఉన్న ఊరు. మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టినవాడెవడూ దాన్ని ఒక్క అడుగు తగ్గించి కట్టలేడు. కిలోమీటరు పైచిలుకు పొడవునా స్తంభం, బెంచీ, మళ్ళీ స్తంభం. సాయంత్రం అయ్యేసరికి మా ముందుగదిలో సలహాదారులు చేరేవారు. రిటైరైన డ్రైవరు దేముడు మావయ్య, సిగ్నళ్ళు బాగుచేసే సత్యవేదం, పట్టాల ముఠాకు మేస్త్రీగా చేసిన ఎర్రయ్య.

"ఒరే గోవిందా, నీళ్ళ కుళాయేదిరా? మూడో కుళాయి కాడ కదా నేను బండాపేవోణ్ణి!" అనేవాడు దేముడు మావయ్య.

"సిగ్నల్ నేకుండా పట్టా ఏస్తే ఎవులిది బాద్దెత? నానైతే సంతకం ఎట్టను," అనేవాడు సత్యవేదం.

ఎర్రయ్య తీరు వేరు. తెర మీద వేలు పెట్టి పట్టాల కింది స్లీపర్లు లెక్కపెట్టేవాడు. లెక్క తప్పితే మొదటినుంచి మళ్ళీ.

సిగ్నల్ ఎక్కడ ఉండాలో తేలలేదు కనుక పట్టాలు ప్లాట్‌ఫారం చివరితో ఆగిపోయాయి. రైలు బయల్దేరి, అన్ని స్తంభాలనూ గౌరవంగా దాటుకుని, చివరికి వెళ్ళి పచ్చటి శూన్యంలోకి బోర్లా పడేది. నలుగురూ "ఆహా, స్టార్టింగ్ ఎంత బాగుందో!" అనుకునేవారు.

ఆటతోపాటు రెండువందల పేజీల ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. "రైలోడికి పుస్తకం ఏటికే?" అని మా ఆయన దాన్ని బియ్యం డబ్బా మీద పడేశారు. నేను విజయనగరంలో లెక్కలతో బీయస్సీ చదివాను. ఆయన ఆఫీసుకు వెళ్ళాక, మధ్యాహ్నాలు దాన్ని మొదటినుంచి చదివాను. కొత్తవాళ్ళు ముందు పొట్టి లైను వేసి, దాని మీద రైలు నడిపి చూసి, ఆ తర్వాతే అలంకారాలకు పోవాలని రెండో పేజీలోనే ఉంది.

నా మొదటి లైను నేలకు మూరెడు ఎత్తున గాలిలో తేలింది. రెండోది గట్టులోకి దూరిపోయింది. రెండు పట్టా ముక్కలు కలిసినట్టే కనిపిస్తాయి కాని కలవవు. వెంట్రుకవాసి సందు చాలు, రైలు పడిపోతుంది. దూరం నుంచి చూసి సరే అనుకోకూడదని, ప్రతి అతుకు దగ్గరికీ వెళ్ళి చూడాలని నాలుగు రోజులకు తెలిసింది. ఎత్తుపల్లాల లెక్క కాగితం మీద వేసుకున్నాను. మిద్నాపూర్ లోకల్లో కిటికీ పక్కన కూర్చుని రెండుసార్లు వెళ్ళొచ్చాను. గిరిమైదాన్, గోకుల్‌పూర్ స్టేషన్లు, కాంసాయి నది వంతెన, ఏ మలుపు ఎటువైపో నోటుబుక్కులో రాసుకున్నాను. లైను గోకుల్‌పూర్ చేరింది.

ఒకరోజు సాయంత్రం మా ఆయన అలవాటుగా రైలు బయల్దేరదీశారు. అది ప్లాట్‌ఫారం చివర పడకుండా ముందుకు పోయింది.

"సూర్యా! మిషను దానంతటదే నేర్చీసుకుందే!"

"కాదండీ, నేను వేశాను."

"నువ్వా?" ఆయన కుర్చీ ముందుకు లాక్కుని రైలును గిరిమైదాన్ దాటించారు. "సర్లే. బయట ఎవులతోటీ అనకు."

సరిగ్గా ఆ వారమే ఆయనకు ఎక్కడో ఇనుప గనుల మధ్య ఉన్న డంగోవాపోసికి బదిలీ అన్నారు. మా అమ్మాయి రాధ పదో తరగతి. చదువు మధ్యలో బడి మారాలి. తప్పించుకునే దారి ఒకటే. ఆఫీసులో గుమాస్తాల కోసం కొత్తగా కంప్యూటర్ గది పెడుతున్నారు, దానికి నేర్పేవాడు కావాలి. మా ఆయన పెద్ద సాహెబ్ దగ్గరికి వెళ్ళి, మిద్నాపూర్ దాకా లైను తానే కట్టానని చెప్పేశారు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం ఇంటికొచ్చి చూస్తానన్నాడు సాహెబ్.

నాకు పదిరోజులు దొరికాయి. మిగతా లైను వేశాను. వంతెన మీద వేగం ముప్పై దాటకూడదని దేముడు మావయ్య అంటుండేవాడు. వంతెనకు ముందే ముప్పై అని పసుపుపచ్చ బోర్డు పాతాను. దాటితే బండి పట్టాలు తప్పేలా ఆటలోనే కట్టుదిట్టం చేశాను. పుస్తకంలో అలాగే చెయ్యమని ఉంది.

ఆదివారం సాహెబ్ వచ్చాడు. ముగ్గురు సలహాదారులూ ఇస్త్రీ చొక్కాల్లో గోడవారగా నిలబడ్డారు. మా ఆయన ఒక్కొక్క స్తంభాన్నీ పరిచయం చేశారు.

"ఠీక్ హై, ఠీక్ హై. నేనే నడుపుతాను," అని సాహెబ్ కుర్చీలో కూర్చున్నాడు. గోకుల్‌పూర్ దాటేసరికి ఆయనకు ఉత్సాహం వచ్చింది. పసుపుపచ్చ బోర్డు వచ్చింది, వెళ్ళింది. కాంసాయి వంతెన మధ్యలో రైలు పక్కకు ఒరిగి, పెట్టె వెనక పెట్టె నదిలోకి దిగింది.

నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆట కదా, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కాని పుట్టినప్పటినుంచీ రైల్వే నీళ్ళు తాగిన మనుషులు. బండి పడిందంటే ఎంక్వయిరీ జరగాల్సిందే, బాధ్యుడు తేలాల్సిందే. సత్యవేదం అప్పటికే జేబులోంచి కాగితం తీశాడు.

"స్పీడెంత?" అడిగాడు ఎర్రయ్య.

డెబ్భై రెండు అని తెర మీద ఇంకా వెలుగుతూనే ఉంది. ముగ్గురూ తెరవైపు చూడడం మానేశారు.

"స్పీడు సంగతి తరవాత. ముందు సిగ్నల్ సూడాల. సిగ్నల్ బాగుంది," అన్నాడు సత్యవేదం.

"పట్టా బాగుంది," అన్నాడు ఎర్రయ్య, సొంత ముఠా వేసినట్టు.

"డ్రైవరు..." అని దేముడు మావయ్య మొదలుపెట్టాడు. సాహెబ్ మొహం చూసి, "డ్రైవరు మా గొప్పగా నడిపినారు," అని ముగించాడు.

"ఇంకేటి మిగిలింది? వంతెన. వంతెన ఎవులు కట్టినారు?" కాగితం మీద కలం ఆపి అడిగాడు సత్యవేదం.

పదమూడు కిలోమీటర్లూ తానే కట్టానని పది నిమిషాల క్రితం చెప్పిన నోటితోనే మా ఆయన అన్నారు: "వంతెన మాత్రం మా ఇంటిది కట్టినాదండి. ఆ యేళకి నేను ఆఫీసులో ఉన్నాను."

కాగితం మీద నాలుగు సంతకాలు పడ్డాయి. బాధ్యురాలు శ్రీమతి సూర్యకుమారి, గృహిణి, రైల్వే సిబ్బంది కాదు. సాహెబ్ టీ తాగి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"వాహ్! ఎంక్వయిరీ అంటే ఇలా ఉండాలి. ఇరవై నిమిషాల్లో!"

మర్నాడు ఆర్డరు వచ్చింది. బదిలీ నెల రోజులు ఆపారు. ఆ నెలలో గోవిందరావు పన్నెండుమంది గుమాస్తాలకు రైలుమార్గం కట్టడం నేర్పితే ఇక్కడే ఉండొచ్చు. వంతెన తప్ప మిగతా లైనంతా ఆయనదేనన్నట్టుంది కనుక, ఎంక్వయిరీ కాగితాన్ని ఆయన ప్రతిభకు రుజువుగా ఫైల్లో పెట్టారు.

రాత్రి అన్నం దగ్గర ఆయన మెల్లిగా కదిపారు. "నువ్వొచ్చి నేర్పాల. సాహెబ్‌కి సెప్పీసినాను."

"ఎవరిగా రావాలి? వంతెన కూల్చిన మనిషిగానా?"

"ఆ కాయితం ఎవులు సూస్తారే?"

"ఫైల్లో ఉందా, లేదా?"

"...ఉంది."

"అయితే మార్చి రాయించండి. బోర్డు మీది వేగం, బండి వేగం, డ్రైవరు పేరు. మూడూ ఉండాలి. అప్పుడే నేను గడప దాటేది."

రెండు రోజులు ఆయన సైకిలు మీద తిరిగారు. సత్యవేదానికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. ఎర్రయ్య ఊరి ఆ చివరనున్న ఝపటాపూర్‌లో చుట్టాలింటికి వెళ్ళి రెండు రోజులూ అక్కడే భోంచేశాడు. ఎలాగో కొత్త కాగితం తయారైంది. బోర్డు ముప్పై అని ఉంది. బండి డెబ్భై రెండు అని ఉంది. డ్రైవరు దగ్గర 'తెలియదు' అని ఉంది.

"అయిదుగురం గదిలో నిలబడి చూస్తుండగా నడిపిన డ్రైవరు తెలియదా?"

"పెద్దోళ్ళ పేరు ఎలాగ రాస్తావే?"

కలం తీసుకుని 'తెలియదు' కొట్టేసి, సాహెబ్ పేరూ హోదా పూర్తిగా రాశాను. మా ఆయన పీట మీద కూలబడ్డారు.

"నా కొంప ముంచీసినావు."

నాకూ భయం లేకపోలేదు. ఈ కాగితం ఎదురు తిరిగితే డంగోవాపోసికి గిన్నెలు సర్దాల్సింది నేను, బడి మారాల్సింది రాధ. అయినా కాగితం మడిచి ఆయన చేతికిచ్చాను. ఆయన సైకిలు ఎక్కలేదు. పక్కన నడిపించుకుంటూ ఆఫీసుకు వెళ్ళారు.

సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చారు. పెళ్ళిలో కూడా ఆ మొహం అంత వెలగలేదు.

"సంతకం ఎట్టీసినారే!"

"చదివారా?"

"బల్ల మీద నలబై కాయితాలున్నాయి. నాది పదారోది. సదివి సంతకం ఎట్టిన సాహెబ్‌ని ఈ ఇరవై రెండేళ్ళలో నేను సూడనేదు."

కాగితం విప్పి చూశాను. కాంసాయి వంతెన మీద డెబ్భై రెండు వేగంతో బండిని నదిలో పడేసిన డ్రైవరుగా తన పేరు రాసిన వాక్యం కింద, 'అంగీకరించడమైనది' అని ఆకుపచ్చ సిరాతో చక్కటి సంతకం. తేదీ కూడా వేశాడు.

"సోమవారం పదింటికి వస్తాను," అన్నాను. "మీరు గుమాస్తాలతోపాటు మొదటి బల్ల మీద కూర్చోవాలి."

"నేనా? నేను ఇన్‌స్ట్రక్టర్ని కదేటే?"

"అందుకే," అన్నాను.