రెండు బీడీల ఓపిక

నేను ఒక గాలం కర్రను. ఇప్పుడు సగమే మిగిలాను గానీ, ఒకప్పుడు తొమ్మిదడుగుల పొడవుండేదాన్ని. ఆ మాట చెబితే నవ్వొస్తుంది కదూ! నవ్వండి, పర్లేదు. విరిగినందుకు ఏడవని కర్రను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నిర్మల్ అడవుల్లో వెదురుగా పుట్టాను. మేదరాయన నన్ను తట్టలు అల్లుకుందామని నరికి తెచ్చి, కణుపులు మరీ దగ్గరగా ఉన్నాయని, చీలిస్తే సాపుగా రానని తిట్టి దడి పక్కన పడేశాడు. మోటార్లు బాగుచేసే భూమన్న ఆ దారిన పోతూ నన్ను చూసి, అడిగి తీసుకున్నాడు. మంట మీద వంకర తీశాడు, ఆముదం పట్టించాడు, తాడు కట్టి గాలం ముల్లూ, నీళ్లపై తేలే జీలుగ బెండూ తగిలించాడు. తట్టనైతే పేడ మోసేదాన్ని. కుంట గట్టు మీద కూర్చునే భాగ్యం పట్టింది. ఆ మేదరాయన పుణ్యమే అది.

భూమన్న మంచివాడే, కానీ తొందర మనిషి. కొర్రమీనుకు తొందర పనికిరాదు. అది ఎరను గుటుక్కున మింగదు. కప్పపిల్లను నోట కరుచుకుని కాసేపు అలాగే ఉంటుంది. బెండు మునగ్గానే ఈయన నన్ను లాగేవాడు. ఉత్త గాలం ఎగిరొచ్చి ఆయన తలపాగాకే తగులుకునేది. చేపల కంటే ఆయన తలపాగానే నేను ఎక్కువసార్లు పట్టాను.

పక్కనే ఆయన భార్య లసుమవ్వ, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతుండేది. ఆమె గాలం ఎన్నడూ ముట్టలేదు గానీ లెక్క మాత్రం కనిపెట్టింది.

"ఏందయ్యా నీ తొందర! బెండు మునిగినంక ఒక బీడీ సుట్టి దారం కట్టేదాక ఆగు. సలికాలమైతే రెండు బీడీలు. సలికి శాప గూడ బద్దకిస్తది."

"బీడీలు సుట్టేదానివి, శాపల ముచ్చట నీకేం ఎరుక?" అనేవాడాయన. మళ్లీ లాగేవాడు, మళ్లీ తలపాగా. మనుషులింతే! పక్కనున్న మనిషి చెప్పింది తప్ప లోకంలో అందరూ చెప్పింది వింటారు.

ఓ దసరా ముందు భూమన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది, మాట్లాడటం ఆయనే మానేశాడు. కదిలిస్తే కాలూ చెయ్యీ వస్తాయి, మంచం పడితే మాత్రం తాను చేయగలిగిందేమీ లేదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. భూమన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. లసుమవ్వ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఊహూఁ. నన్ను అటక మీద పెట్టేశారు. పైనుంచి ఆ గోడవైపు తిరిగిన వీపు చూస్తూ మూడు నెలలు ఎండిపోయాను.

పుష్యమాసంలో, పళ్లు టకటకలాడే చలిలో, ఆమె నన్ను కిందికి దించింది.

"నీకు శాతగాదు గద, నేనే శాప పడ్త. సూస్తె సూడు, లేకుంటె కండ్లు మూస్కో," అని పక్కింటివాళ్ల ఆటోలో ఆయన్ను కుంటకు తెచ్చి, ఎండ తగిలే గట్టు మీద చాప పరిచి, గొంగడి కప్పి కూర్చోబెట్టింది.

మిట్టమధ్యాహ్నం దాకా నీళ్లు కదల్లేదు. తుంగ పక్కన ఒక్క బుడగ వచ్చింది. బెండు మునిగింది.

లసుమవ్వ నన్ను తొడ కింద అదిమిపెట్టి, తునికాకు తీసి మొదటి బీడీ చుట్టడం మొదలుపెట్టింది. భూమన్న కళ్లు బెండు మీదే ఉన్నాయి. ఎడమ చేత్తో చాపను టపటపా కొట్టాడు, లాగమని! ఆమె తల ఎత్తలేదు. దారం కట్టింది. రెండోది అందుకుంది. చలికి ఆమె వేళ్లు వణికాయి, ఆకు చిరిగింది, ఇంకోటి తీసింది. రెండో దారం కూడా కట్టి, లేచి ఒక్క గుంజు గుంజింది.

పడింది! అబ్బో, ఏం బరువు! భూమన్న దగ్గర ఇన్నేళ్లలో నేనింత బరువు ఎరగను. కానీ అటక మీద పురుగు నన్ను నడుము దగ్గర తొలిచేసిందని ఎవరికీ తెలియదు. ఫటుక్కున విరిగాను. నా కొస సగాన్ని చేప లాక్కుపోయింది. మొదలు సగాన్ని లసుమవ్వ గట్టు మీదికి విసిరేసి, ఆ కొస వెంట నీళ్లలోకి దిగింది. ఆ కుంట అడుగంతా బురద. రెండడుగులకు నడుము దాకా, ఇంకో అడుగుకు రొమ్ము దాకా దిగబడింది.

అప్పుడు నా మీద ఒక చెయ్యి పడింది. ఎడమది. నన్ను గట్టులో గుచ్చి, దాని పక్కనే కుడి చెయ్యి కూడా వేశాడు. ఆ కుడి చేతి పట్టు ఎంతుందో నాకొక్కదానికే తెలుసు. పసిపిల్ల పట్టు కూడా కాదు. కానీ ఉంది! భూమన్న బరువంతా నా మీద మోపి, మూలుగుతూ, ఊగుతూ లేచి నిలబడ్డాడు.

"లసుమా! శాప పాడుగాను... ఎనుకకు రాయే!"

ఆమె వెనక్కి తిరిగింది. చేతికి దొరికిన తాడు ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. బురదలోంచి పాకుతూ గట్టెక్కి, తడిచీరతోనే ఆయన్ను పట్టుకుని బోరుమని ఏడ్చింది. తాడునూ నా కొసనూ ఈడ్చుకుంటూ చేప పోయింది.

ఆ రాత్రి ఇంట్లో పచ్చిపులుసే. "ఏడున్నదో ఆ శాప, సల్లగుండాలె," అంది లసుమవ్వ ముద్ద కలిపి పెడుతూ. నేనూ అదే అనుకున్నాను.

ఇప్పుడు నేను భూమన్న చేతికర్రను. మంచం నుంచి వాకిటికి, వాకిటి నుంచి వీధికి నడిపిస్తున్నాను. రోజూ పొద్దున్నే లసుమవ్వ వచ్చి నా రెండో కొస పట్టుకుని లాగుతుంది. "విరిగిన కట్టె నీకెందుకయ్యా, ఇటియ్యి, పొయిల పెట్టి నీళ్లు కాగబెడ్త." ఆయన కుడి చేత్తో నన్ను బిగించి పట్టుకుని "ఇయ్య పో!" అంటాడు. మొదట్లో ఆమె రెండు వేళ్లతో లాగేది. తరవాత ఒక చేత్తో. ఇవాళ రెండు చేతులతో లాగినా నేను కదల్లేదు.

పెరడు నిండా ఎండిన కట్టెలు పేర్చి ఉన్నాయి. ఈ సంగతి నేను ఆయనకు చెప్పను.